తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

అందరికీ నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేసిన అమ్మాయి "కళాసేవకులు" అంది. వినగానే కాస్త కంగారు పడ్డాను. నాకు పాడటం రాదు, ఆడటం రాదు. నేను బొమ్మ గీస్తే అదేమిటో పిల్లలు నన్నే అడుగుతారు. పన్నెండేళ్లుగా ఒక చిన్న కళాసంస్థకి కోశాధికారిగా ఉన్నాను, అంతే. రసీదులు రాయడం, వోచర్ల కోసం అందరి వెంటా పడటం, ఆడిట్ దగ్గరపడితే నిద్ర మానుకోవడం నా పని. నాటకం అయిపోయి అందరూ చప్పట్లు కొడుతుంటే, మైకు సెట్టు మనిషికి ఇవ్వాల్సిన డబ్బు లెక్కపెట్టుకుంటూ తెర పక్కన నిలబడతాను.

అందుకని కళ గురించి పెద్దగా చెప్పలేను. కళ జరిగే గది గురించి, ఆ గది తాళం గురించి అయితే ఎంతసేపైనా చెప్పగలను.

మా సంస్థకి ఒక పాత హాలు ఉంది. మొదట్లో దాని తాళంచెవి ఒక్కటే, అది నా దగ్గరే ఉండేది. సంస్థ ఆస్తికి నేను జవాబుదారీ కదా అని నా లెక్క. ఒకరోజు వేరే పనిలో పడి మర్చిపోయాను. పాతిక మంది పిల్లలు గంటన్నర సేపు బయట ఎండలో నిలబడ్డారు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి సగం మంది వెళ్లిపోయారు. ఎదురింటి పెద్దాయన అరుగు మీద నుంచి అంతా చూస్తున్నాడు. "బాబూ, ఆ చెవి నా దగ్గర పెట్టకూడదా? నేనెక్కడికీ పోయేవాణ్ణి కాదు" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు ఇష్టం లేదు. ఆయన సభ్యుడు కాదు, కార్యవర్గంలో లేడు. లోపల తబలాలు, హార్మోనియం, దుస్తుల పెట్టెలు ఉన్నాయి. కార్యవర్గంలో చర్చకు పెట్టాం. మూడు మీటింగులు పట్టింది. అన్నేళ్లలో మేం అంత సీరియస్‌గా చర్చించిన విషయం ఇంకొకటి లేదు. చివరికి ఇచ్చాం. ఆయన మరుసటి రోజే ఒక నోటు పుస్తకం కొని, గీతలు గీసి, తాళం ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు అని రాయడం మొదలుపెట్టాడు. రెండు మూడు నెలల్లో హాలుకి వచ్చేవాళ్లు పెరిగారు. మేం ఒక్క పోస్టర్ కూడా వేయలేదు. ఆ వీధి వాళ్లకి అది "వాళ్ల హాలు" కాకుండా "మన హాలు" అయింది, తేడా అదే.

ఆ తర్వాత నాకొక అలవాటు పట్టుకుంది. ఏ కళాసంస్థ గురించి చదివినా, అక్కడ తలుపు ఎవరు తీసేవాళ్లు, కరెంటు బిల్లు ఎవరు కట్టేవాళ్లు అని వెతుకుతాను. పుస్తకాల్లో ఇవి ఒక వాక్యానికి మించి ఉండవు. ఉన్న ఆ ఒక్క వాక్యమూ చాలా చెబుతుంది.

అమెరికాలోని షికాగోలో హల్ హౌస్ అని ఒక సంస్థ ఉండేది. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు 1889 సెప్టెంబరులో దాన్ని మొదలుపెట్టారు. చుట్టూ ఇటలీ, జర్మనీ, రష్యా వంటి దేశాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కూలి జనం. కొత్త ఇంట్లో దిగిన మొదటి రాత్రి, సామాన్లు సర్దుకునే హడావుడిలో, వీధివైపు పక్క తలుపు ఒకటి వేయడమే మర్చిపోయారట. రాత్రంతా బార్లా తెరిచే ఉంది. పొద్దున లేచి చూస్తే ఒక్క వస్తువు కూడా పోలేదు. ఆడమ్స్ తన ఆత్మకథలో ఈ సంగతి సంతోషంగా రాసుకుంది, ఇరుగుపొరుగు మంచితనానికి అది మొదటి రుజువు అని. నేను మూడు మీటింగుల్లో నేర్చుకున్నది ఆమెకి మతిమరుపు వల్ల ఒక్క రాత్రిలో తెలిసిపోయింది.

హల్ హౌస్ అనగానే అందరూ ఆడమ్స్ పేరే చెబుతారు. 1931లో ఆమెకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది కాబట్టి అది సహజమే. ఆ ఇంటి యజమానురాలు హెలెన్ కల్వర్ మాత్రం ఎవరికీ గుర్తుండదు. సంస్థ మొదలైన మరుసటి సంవత్సరం, 1890 వసంతంలో, ఆవిడ ఆ ఇల్లు మొత్తం అద్దె లేకుండా ఇచ్చేసింది. అద్దె కట్టక్కర్లేని సంస్థ ఎంత ధైర్యంగా ఆలోచించగలదో అద్దె కట్టేవాళ్లకే తెలుసు. మేరీ రోజెట్ స్మిత్ అని మరొకావిడ, లోటు వచ్చినప్పుడల్లా తన డబ్బుతో పూడ్చేది. లూయీస్ డికోవెన్ బోవెన్ ఏళ్ల తరబడి కోశాధికారిగా పనిచేసింది, దగ్గరున్న ఆస్తి కూడా ధారాళంగా ఇచ్చింది. ఆవిడ పేరు చదివినప్పుడు, ఒప్పుకుంటాను, నాకు కొంచెం గర్వంగా అనిపించింది. మా జాతి మనిషి!

ఇక స్టార్ సంగతి. ఆమెకి బొమ్మలంటే ప్రాణం. మంచి చిత్రాల నకళ్లు ఫ్రేములు కట్టించి చుట్టుపక్కల వాళ్లకి అరువిచ్చేది, గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చినట్టు. తర్వాత ఆమెకే ఒక సందేహం వచ్చింది. పొద్దస్తమానం యంత్రం దగ్గర పనిచేసి వచ్చిన మనిషికి గోడ మీద బొమ్మ చూపిస్తే సరిపోతుందా? చేత్తో చేసే పనిలో అందం ఉండొద్దా? ఆ ప్రశ్న పట్టుకుని లండన్ వెళ్లింది. పుస్తకాలు బైండింగ్ చేయడం నేర్చుకుని వచ్చి హల్ హౌస్‌లోనే ఆ పని మొదలుపెట్టింది. నాకు ఈ సంస్థలో అందరికంటే ఇష్టమైన మనిషి స్టారే. తాను చేస్తున్న మంచిపని మీద తనకే అనుమానం రావడం మామూలు విషయం కాదు.

ఆ ఇంట్లోనే నీవా బాయిడ్ అనే టీచరు ఆటల ద్వారా పిల్లలకి పాఠాలు చెప్పే పద్ధతి నేర్పేది. ఆమె దగ్గర 1920లలో వయోలా స్పోలిన్ అనే అమ్మాయి చదువుకుంది. తర్వాత ఆమె పిల్లలకి నాటకం నేర్పడానికి దిగింది. ఆ పిల్లల భాషలు వేరు, ఇళ్లు వేరు. స్క్రిప్టు చేతికిస్తే పని జరగదు. అందుకని స్పోలిన్ ఆటలు తయారుచేసింది. లేని బంతిని విసరడం, లేని బరువు ఎత్తడం, ఎదుటివాళ్లకి అద్దంలా కదలడం. ఈ రోజు ప్రపంచంలో చాలా చోట్ల నటన క్లాసుల్లో ఆడించే ఆటల్లో ఆమెవి ఉంటాయి. ఆమె కొడుకు పాల్ సిల్స్ 1959లో సెకండ్ సిటీ అనే హాస్య నాటకశాల ప్రారంభించినవాళ్లలో ఒకడు. అప్పటికప్పుడు అల్లుకుంటూ నటించే పద్ధతికి అది పుట్టిల్లు లాంటిది. నటన నేర్పాలన్న పట్టుదల కంటే, ఒకరి భాష ఒకరికి రాని పిల్లలు కొట్టుకోకుండా కలిసి ఆడాలన్న అవసరమే దీని వెనక ఎక్కువగా ఉందని నాకు అనిపిస్తుంది.

ఇంత గొప్ప చరిత్ర ఉన్న సంస్థ ఏమైంది? 2012 జనవరిలో మూతపడింది. అప్పటికి అది ప్రధానంగా సంక్షేమ కార్యక్రమాలు నడిపే పెద్ద సంస్థగా మారింది. ప్రభుత్వ నిధుల మీద బాగా ఆధారపడింది. నిధులు తగ్గేసరికి అప్పులు మోయలేకపోయింది. వందలాది ఉద్యోగులు ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. మొదటి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఈ కథ నేను కొత్త కార్యవర్గాలకి భయపెట్టడానికి చెబుతుంటాను. నూట ఇరవై ఏళ్ల మంచిపేరు ఒక నెల జీతాలు కట్టలేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి, ఒక అపోహ గురించి. లాభాపేక్ష లేని సంస్థ అంటే మిగులు ఉండకూడదని చాలామంది అనుకుంటారు. కాదు. మిగలొచ్చు, మిగలాలి కూడా. ఆ మిగిలింది సభ్యులు పంచుకోకూడదు, పనిలోనే పెట్టాలి, అంతే తేడా. ఈ అపోహకి ఒక తమ్ముడున్నాడు. కళాసంస్థలో పనిచేసేవాళ్లు ఊరికే చేయాలని. లైట్లు అద్దెకిచ్చిన మనిషికి పైసాతో సహా ఇస్తాం, నాట్యం నేర్పిన టీచరుకి దండం పెడతాం.

ఈ తప్పు నేనూ చేశాను. మా దగ్గర ఒక డాన్స్ టీచరు ఉండేది. అందరినీ వోచర్ల కోసం వేధించే నాకు ఆవిడంటే ప్రత్యేకమైన గౌరవం, ఎందుకంటే ఆవిడ ఎన్నడూ ఒక్క వోచరూ పెట్టలేదు. నా పుస్తకాలు శుభ్రంగా ఉన్నాయని మురిసిపోయాను. మూడేళ్ల తర్వాత ఆవిడ "వచ్చే నెల నుంచి రాలేనండీ" అంది. ఎందుకని అడిగితే, ప్రయాణం ఖర్చు, పిల్లల గజ్జెలు, మేకప్ సామాను అన్నీ తన చేతి డబ్బే అని మెల్లగా తెలిసింది. మూడేళ్లు! నా లెక్కల్లో సున్నా, ఆవిడ ఇంట్లో లోటు. ఆడిటరు ఆ సంవత్సరం కూడా మా లెక్కలు బాగున్నాయనే రాశాడు. ఆవిడ మళ్లీ రాలేదు.

దాతలకీ ఒక మాట. మీరు ప్రదర్శనకి డబ్బిస్తారు, సంతోషం. అద్దెకి, జీతానికి, ఫ్యాను రిపేరుకి ఇవ్వమంటే మొహం అటు తిప్పుకుంటారు. బ్యానర్ మీద పేరు వేయొచ్చు, కరెంటు బిల్లు మీద పేరు వేయలేం, నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

మన పక్క రాష్ట్రం నుంచి ఒక ఉదాహరణ. కర్ణాటక మలెనాడులో హెగ్గోడు అని చిన్న పల్లె. చుట్టూ వక్క తోటలు. 1949లో ఆ ఊరివాళ్లు నీనాసం అనే నాటక సంఘం పెట్టుకున్నారు. దాన్ని పెంచి పెద్దచేసిన కె.వి. సుబ్బణ్ణ కూడా వక్క తోట ఉన్న రైతే. అక్కడ ఫిల్మ్ సొసైటీ వచ్చింది, 1980లో నాటక పాఠశాల వచ్చింది, 1985లో తిరుగాట అనే సంచార బృందం బయలుదేరింది. ఏటా కొత్త నాటకాలు కట్టుకుని కర్ణాటక అంతా ఊరూరా తిరుగుతుంది. 1991లో సుబ్బణ్ణకి మెగసెసే అవార్డు ఇచ్చారు. 2005లో ఆయన పోయారు. పాఠశాల ఆగలేదు, తిరుగాట ఆగలేదు. నాకు అవార్డు కంటే ఇదే పెద్ద విషయం. వ్యవస్థాపకుడి తర్వాత నడవని సంస్థలు ఎన్ని చూశాం! ఆయన ఉన్నప్పుడే తాళాలు చాలా చేతుల్లోకి వెళ్లి ఉండాలి, లేకపోతే ఇది సాధ్యం కాదు.

స్పిక్ మెకే సంగతి ఇంకో రకం. ఢిల్లీ ఐఐటీ ప్రొఫెసర్ కిరణ్ సేఠ్ 1977లో మొదలుపెట్టారు. విద్యాసంస్థల్లో శాస్త్రీయ సంగీత, నృత్య కార్యక్రమాలు పెడతారు, వాలంటీర్లలో చాలామంది విద్యార్థులే. విద్యార్థి అంటే చదువైపోగానే వెళ్లిపోయే మనిషి. కాబట్టి పని నేర్చుకున్నవాడు ఇంకొకడికి నేర్పి తీరాలి. మనమేమో ఇరవై ఏళ్లు ఒకే కార్యదర్శిని పెట్టుకుని, ఆయనకి ఒంట్లో బాగాలేకపోతే అప్పుడు పాస్‌వర్డ్ కోసం వెతుకుతాం.

ఇంకొక్క కథ చెప్పి ముగిస్తాను, అక్కడ టైమ్ చూపిస్తున్నారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో రిక్ లో అనే చిత్రకారుడు ఉన్నాడు. పేదల కష్టాల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసేవాడు. ఒకసారి అతని స్టూడియోకి హైస్కూలు పిల్లలు వచ్చారు. వాళ్లలో ఒక కుర్రాడు అన్నాడట, మా కష్టాలు మాకు తెలుసు, మీరు చూపించక్కర్లేదు, మీకు అంత సృజన ఉంటే ఏదైనా పరిష్కారం చేసి చూపించొచ్చు కదా అని. రిక్ లో, మరో ఆరుగురు కళాకారులు కలిసి 1993లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే పేటలో పాడుబడ్డ 22 చిన్న ఇళ్లు పట్టుకున్నారు. ప్రాజెక్ట్ రో హౌసెస్ అని పేరు పెట్టారు. వాలంటీర్లు వచ్చి చెత్త ఎత్తారు, రంగులు వేశారు. కొన్ని ఇళ్లలో కళాకారుల పనులు పెట్టారు. కొన్ని ఇళ్లు, చదువుకుంటూ పిల్లల్ని పెంచుకునే ఒంటరి తల్లులకి ఇచ్చారు. అంటే ఆ ఇళ్ల తాళాలు నిజంగానే ఆ పేటవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. 2014లో రిక్ లోకి మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఆ కుర్రాడికి ఏ అవార్డూ లేదు. నన్నడిగితే కార్యవర్గంలో మొదటి కుర్చీ వాడికే వేయాలి.

మా పెద్దాయన సంగతి మధ్యలో వదిలేశాను. నిరుడు ఆయన కాలం చేశారు. పదిహేను రోజుల తర్వాత ఆయన మనవరాలు తాళంచెవి, నోటు పుస్తకాలు పట్టుకుని హాలుకి వచ్చింది. మొత్తం నాలుగు పుస్తకాలు. "తాత రాసినట్టే నేనూ రాస్తానండీ, చెవి మా ఇంట్లోనే ఉంచనా?" అని అడిగింది. ఈసారి మీటింగు పెట్టలేదు. సరే అన్నాను.

ఆ రాత్రి పుస్తకాలు తిరగేశాను. పిల్లల పేర్లు, టీచర్ల పేర్లు, డప్పు వాయించే కుర్రాళ్ల పేర్లు, టైములతో సహా. నా పేరు పదిహేడు చోట్ల ఉంది. పదిహేడు చోట్లా పక్కన ఒకటే మాట: "ఆలస్యంగా తిరిగి ఇచ్చారు."