ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్డు, ఒక రోజు పని

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నమస్తే. మైకు నాకు అలవాటు లేదు. షెడ్డులో కంప్రెసర్ మోత మీద అరిచి అరిచి గొంతు ఇట్లా తయారైంది కాబట్టి వెనక బెంచీల వాళ్లకు వినపడదేమో అన్న టెన్షన్ మాత్రం లేదు. ఇంజిన్ గురించి ఏదైనా చెప్పమన్నారు మీ సారు. నేను ఒక్క స్టడ్డు గురించే చెప్తాను, అంటే తల లేకుండా రెండు కొసలా మరలుండే బోల్టు. 8 మిల్లీమీటర్ల లావు, వేలెడు పొడవు. విరిగిందంటే ఒక రోజు కూలి పోయినట్టే.

దేవరకొండ రూట్లో తిరిగే పాత కమాండర్ జీపు ఒకటి మన నల్లగొండ షెడ్డుకు వచ్చింది. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని చప్పుడు. పది నిమిషాలు నడిస్తే తగ్గిపోతుంది. వాల్వుల చప్పుడేమో అనుకుని అప్పటికే వేరేచోట రెండుసార్లు ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు, సెట్ చేయించాడు ఓనరు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ పైభాగమైన హెడ్డుకూ, దాని పొగను సైలెన్సర్ పైపులోకి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కూ మధ్య కాటుక గీసినట్టు నల్లటి చార. ఆ రెంటినీ కలిపి పట్టుకునే స్టడ్లలో చివరిది నట్టుతో సహా లేదు. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి గ్యాస్ కొడుతుంది, ఇనుము వేడెక్కి సాగితే సందు మూసుకుంటుంది. చప్పుడు తగ్గడానికి కారణం అదే. ఆ గ్యాస్ క్యాబిన్‌లోకి వస్తే ప్రాణానికే ముప్పు, ఓనరుకు ఆ మాట చెప్పండి.

ఎప్పుడూ చివరి స్టడ్లే ఎందుకు విరుగుతాయి? అర మీటరు పొడవున్న కాస్ట్ ఐరన్ మానిఫోల్డ్ 400 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. హెడ్డులో నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి అది అంత సాగదు. నడుమ ఉన్న స్టడ్డుకు ఈ లాగుడు తెలియదు, అంచున ఉన్నది మాత్రం వంగుతూ లేస్తూ ఉంటుంది. కట్టెపుల్లను అటూ ఇటూ వంచితే ఏమవుతుందో అదే అవుతుంది. అందుకే చాలా మానిఫోల్డ్‌లలో చివరి రంధ్రాలు కొంచెం వదులుగా పెడతారు. మనవాళ్లు పానాకు పైపు తగిలించి బలం చూపిస్తే ఆ జరుగుబాటు పోతుంది.

ఇప్పుడు తీయడం. ఓనరు నెత్తి మీద కూర్చున్నాడు, "అన్నా, రేపు పొద్దుగాల బండి రోడ్డు మీద ఉండాలె" అని. ఆ తొందరలో మిగిలిన నట్లకు పానా పెట్టి ఒక్క ఊపు ఊపాను. ఇంకోటి విరిగింది. ఒకటి తీయబోయి రెండు చేసుకున్నాను. ముందురోజు సాయంత్రమే వైర్ బ్రష్‌తో తుప్పు దులిపి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, స్టడ్డు కొస మీద చిన్న సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలు వేసి వదిలేయాలి. ఇంజిన్ చల్లారాకే సుమా, వేడి మానిఫోల్డ్ మీద స్ప్రే కొడితే మంటే. పొద్దున పావు చుట్టు విప్పు, కొంచెం మళ్లీ బిగించు, మళ్లీ విప్పు. కిర్రుమంటే ఆగి ఇంకొంచెం నూనె పెట్టు.

విరిగిన ముక్క బయటికి కనిపిస్తుంటే నాకు నచ్చిన దారి వెల్డింగ్. బ్యాటరీ ఎర్త్ వైరు తీసేసి, విరిగిన ముక్క మీద నట్టు పెట్టి, నట్టు లోపల నింపుతూ వెల్డింగ్ చేయాలి. ఆ వేడికి స్టడ్డు ఉబ్బి తుప్పును నలిపేస్తుంది, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ఎరుపు పోయాక కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి దిగుతుంది. అప్పుడు పానాతో మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. మొదటి నట్టు ఊడి చేతికొస్తే ఇంకోటి పెట్టండి. నాకు నాలుగోసారి కదిలిన సందర్భాలున్నాయి.

లోపలికే విరిగితే డ్రిల్లు తప్పదు. మొహం చదును చేసి, సరిగ్గా నడుమ సెంటర్ పంచ్ కొట్టండి. ఈ ఒక్క దెబ్బకు పది నిమిషాలు తీసుకున్నా తప్పులేదు. 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, నూనె వేస్తూ, నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. 1.25 పిచ్, అంటే మర గీతల మధ్య అంత మిల్లీమీటర్ల దూరం ఉన్న 8 నంబరు (8 మిల్లీమీటర్ల) మరకు 6.8 బిట్ దాకే, అది దాటితే మర పోతుంది. పోయినా లేత్ వాళ్ల దగ్గర హెలికాయిల్, అంటే కొత్త మరగా పనిచేసే తీగచుట్ట, వేయించవచ్చు. ఎంత లోతు పోవాలో పక్కనున్న మంచి స్టడ్డును కొలిచి చూసుకోండి. కొన్ని హెడ్లలో ఆ రంధ్రం అవతల నీళ్ల దారి ఉంటుంది.

విరిగిన స్టడ్డుకు రంధ్రం పెట్టి, అందులో దింపి ఎదురు తిప్పి బయటికి లాగే ఈజీ అవుట్ అని ఒకటి అమ్ముతారు. పేరులో ఉన్న ఈజీ పనిలో ఉండదు. తుప్పుతో పట్టేసిన స్టడ్డులో దాన్ని గట్టిగా తిప్పితే లోపలే విరుగుతుంది. అది బాగా గట్టి ఉక్కు, మామూలు బిట్ దాన్ని గీకను కూడా గీకదు. నేను ఆ జీపు మీదే విరగ్గొట్టుకుని, హెడ్డు దింపి, మోసుకుని లేత్ షాపుకు పోయాను. రెండు రోజులు పోయాయి, ఓనరు మొహం చూడలేకపోయాను.

బిగించేటప్పుడు ఒక్క స్టడ్డే మార్చకండి. మిగతావీ అంతే వేడి తిన్నాయి. మానిఫోల్డ్ మొహం మీద స్కేలు పెట్టి, సందు కొలిచే పలుచటి రేకులుండే ఫీలర్ గేజ్‌తో చూడండి, వంగి ఉంటే గ్రైండింగ్‌కు పంపండి. కొత్త ప్యాకింగ్, మరలకు కాపర్ పేస్టు, వీలైతే ఇత్తడి నట్లు. ఇత్తడి తుప్పుతో అతుక్కోదు. నడుమ నుంచి అంచులకు బిగించాలి. 8 నంబరుకు సుమారు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, బండి పుస్తకంలో వేరే ఉంటే అదే ఫైనల్.

ఆరు నెలలకు అదే జీపు, అదే టిక్ టిక్, అదే చివరి స్టడ్డు. ఈసారి కిందికి దూరి చూశాను. సైలెన్సర్ పట్టీ ఎప్పుడో గుంతల్లో తెగి, ఇనుప తీగతో కట్టి ఉంది. పైపు బరువంతా మానిఫోల్డ్ మీద వేలాడుతోంది. ముందుసారి నేను వంగి చూడలేదు. కొత్త పట్టీ, రెండు రబ్బర్లు, అంతే ఖర్చు.

సరే, ఆ బల్ల మీద పాత హెడ్డు ఒకటి తెచ్చాను. అందులో రెండు స్టడ్లు విరిగి ఉన్నాయి. ముందు ఎవరొస్తారు? రా బిడ్డా. సుత్తి అక్కడే పెట్టు, ముందు వైర్ బ్రష్ తీసుకో.