కేబుల్ తీసేసి హైడ్రాలిక్ వేశాను: పాత రేసింగ్ స్నోమొబైల్ బ్రేక్ రివ్యూ

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ తీగ చూశారా? మొన్నటిదాకా నా స్లెడ్‌ని, అంటే స్నోమొబైల్‌ని, ఆపిన బ్రేక్ కేబుల్ ఇదే. పైన చూస్తే బానే ఉంది. తొడుగు కోసి చూస్తే, ఇదిగో, లోపలి పోగుల్లో నాలుగు తెగి ఉన్నాయి. మిగతావాటికి తుప్పు. దీన్ని నమ్ముకొని రెండు సీజన్లు మంచు మీద తిరిగాను.

ఈ రోజు రివ్యూ ఆ కేబుల్ బదులు వేసిన హైడ్రాలిక్ సెట్, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసే బ్రేక్ గురించి. బండి 1970ల చివరిది. 440 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజిన్, ముందు లీఫ్ స్ప్రింగుల మీద స్కీలు. విస్కాన్సిన్‌లో ఈగిల్ రివర్ డెర్బీ ఉంది కదా, 1964 నుంచి జరుగుతున్నది, ఆ అర మైలు ఐస్ ఓవల్ మీద వింటేజ్ పోటీల్లో పరుగెత్తేది ఇలాంటి బళ్లే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. హైడ్రాలిక్ వేస్తే బండి సగం దూరంలో ఆగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. సరిగ్గా సర్దిన కేబుల్ బ్రేక్ కూడా ట్రాక్‌ని లాక్ చేయగలదు. ట్రాక్ అంటే ఇక్కడ బండి కింద తిరిగే రబ్బరు పట్టా, రేసు దారి కాదు. ఆ పట్టా లాక్ అయ్యాక బండి ఆగడం అనేది దానికి బిగించిన స్టడ్‌లు, అంటే మొనదేలిన మేకులు, ఐస్‌లో ఎంత దిగాయన్న దాని మీద ఉంటుంది. అక్కడ మీ క్యాలిపర్, అంటే ప్యాడ్లతో డిస్క్‌ని పట్టి నొక్కే భాగం, ఎంత పెద్దదైనా చేసేదేమీ లేదు.

మరి ఎందుకు మార్చాను? మొదటి ల్యాప్‌లో లివర్ ఎక్కడ పట్టుకుందో ఆఖరి ల్యాప్‌లో కూడా అక్కడే పట్టుకోవాలి. నాకు కావలసింది అంతే. కేబుల్‌తో అది కుదరలేదు. ప్యాడ్ అరిగేకొద్దీ, కేబుల్ సాగేకొద్దీ లివర్ గ్రిప్పు దగ్గరికి వచ్చేస్తుంది. తొడుగులోకి నీళ్లు దిగి రాత్రికి గడ్డకడితే ఉదయం లివర్ కదలదు. ఇంకా ఘోరం ఏమిటంటే, కదిలి వెనక్కి రాకపోవడం. బ్రేక్ రాసుకుంటూనే ఉంటుంది, మీరేమో కార్బురేటర్ ట్యూనింగ్ తప్పిందేమో అని జెట్లు మారుస్తూ కూర్చుంటారు. నేను కూర్చున్నాను, ఒక మధ్యాహ్నం మొత్తం.

హైడ్రాలిక్‌లో ప్యాడ్ అరిగితే ఆ మేరకు పిస్టన్ ముందుకు జరుగుతుంది, పైనుంచి ద్రవం దిగుతుంది. లివర్ చోటు మారదు. ప్రతి కొన్ని పరుగులకీ స్పానర్ పట్టుకోవలసిన పని లేదు.

ఇప్పుడు ఏమేం వేశానో చూద్దాం. 1990ల ట్రైల్ స్లెడ్ నుంచి తీసిన క్యాలిపర్. కొత్త సీళ్లు, కొత్త ప్యాడ్లు. పైన స్టీలు అల్లిక ఉన్న హోస్. హ్యాండిల్‌బార్‌కి ఎడమవైపు లివర్, దానికే మాస్టర్ సిలిండర్, అంటే లివర్ నొక్కితే ద్రవాన్ని క్యాలిపర్‌కి నెట్టేది. కొత్తదే కావాలంటే విల్‌వుడ్ లాంటి కంపెనీల చిన్న క్యాలిపర్లు దొరుకుతాయి. పాతది తీసుకుంటే మాత్రం పిస్టన్ బయటికి తీసి చూడకుండా డబ్బు ఇవ్వకండి. లోపల గుంటలు పడి ఉంటే సీలు మార్చినా లీకు ఆగదు.

మాస్టర్ సిలిండర్ దగ్గర నేను పప్పులో కాలేశాను. మొదట ముందు చక్రానికి రెండు డిస్క్‌లున్న మోటార్‌సైకిల్ మాస్టర్ దొరికితే వేసేశాను. బోరు, అంటే లోపలి వ్యాసం, 16 మిల్లీమీటర్లు. చూడ్డానికి గంభీరంగా ఉంది. నొక్కితే రాయి! లివర్ అస్సలు లోపలికి రాదు, బ్రేకూ పడదు. క్యాలిపర్ పనికిరాదేమో అనుకున్నాను. తప్పు దానిది కాదు. మాస్టర్ పిస్టన్ లావుగా ఉంటే అదే చేతి బలానికి పుట్టే ప్రెషర్ తక్కువ. 16 మిల్లీమీటర్ల పిస్టన్ వైశాల్యం నేను తర్వాత వేసిన 12.7 మిల్లీమీటర్ల దానికంటే దాదాపు 1.6 రెట్లు. అంటే అదే ప్రెషర్ రావాలంటే వేళ్లు కూడా 1.6 రెట్లు గట్టిగా నొక్కాలి. మందపాటి గ్లవ్స్, మొద్దుబారిన వేళ్లు, ఎదురుగా మలుపు... ఊహించుకోండి. ఆ మాస్టర్ తీసేసి 12.7 మిల్లీమీటర్లది, అంటే అర అంగుళంది వేశాక రెండు వేళ్లతో పని అయిపోతోంది. లివర్ కాస్త ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది, కానీ ఎంత పడుతోందో వేలికి తెలుస్తుంది. నన్నడిగితే ఈ మొత్తం మార్పులో ముఖ్యమైన భాగం క్యాలిపర్ కాదు, ఈ బోరు సైజే.

రెండోది, ఎవరు జరగాలి అన్న సంగతి. కెమెరా కొంచెం కిందికి తెస్తాను. డిస్క్ ఇక్కడ, చైన్‌కేస్ పక్కన, జాక్‌షాఫ్ట్ మీద ఉంది. జాక్‌షాఫ్ట్ అంటే ఇంజిన్ నుంచి వచ్చే డ్రైవ్ బెల్టు తిప్పే ఇరుసు, చైన్‌కేస్ అంటే ఆ తిప్పుడుని ట్రాక్‌కి అందించే చైన్ ఉన్న పెట్టె. చాలా పాత స్లెడ్‌లలో డిస్క్ స్ప్లైన్ మీద, అంటే ఇరుసు మీది గాళ్ల మీద, అటూ ఇటూ జరుగుతుంది, క్యాలిపర్ బిగించి ఉంటుంది. ఒకవైపే పిస్టన్ ఉన్న క్యాలిపర్ వేస్తే డిస్క్ అయినా జరగాలి, క్యాలిపర్ అయినా జరగాలి. రెండూ బిగించేస్తే పిస్టన్ డిస్క్‌ని పక్కకి వంచుతుంది. రెండూ వదులుగా వదిలేస్తే గజ్జెల మోతే. నా క్యాలిపర్ పిన్నుల మీద జరిగే రకం, డిస్క్ కూడా జరిగేదే. అందుకే డిస్క్‌ని స్పేసర్లతో కదలకుండా చేశాను. ఎదురెదురు పిస్టన్లున్న క్యాలిపర్ అయితే ఈ తలనొప్పి తక్కువ, కానీ డిస్క్ సరిగ్గా మధ్యలో కూర్చోవాలి.

బ్రాకెట్ కోసం చైన్‌కేస్‌కి కొత్త రంధ్రాలు వేయొద్దు, దయచేసి. పాత పోత లోహం, ఎక్కడ పగులుతుందో చెప్పలేం. పాత క్యాలిపర్ బోల్టులున్న రంధ్రాలకే మందపాటి స్టీలు ప్లేటు చేయించుకోండి. అట్టముక్క మీద నమూనా కత్తిరించుకొని చూసుకుంటే ప్లేటు వృథా కాదు. నావి మూడు అట్టలు చెత్తబుట్టలోకి పోయాయి.

బ్లీడింగ్, అంటే లోపలి గాలి బయటికి తీయడం. ఒక సాయంత్రం మొత్తం తాగేసింది. ఎన్నిసార్లు కొట్టినా లివర్ స్పాంజిలాగే ఉంది. తీరా చూస్తే బ్లీడ్ నిపుల్, అంటే గాలి వదిలే మర, క్యాలిపర్‌కి పక్కన ఉంది, పైన కాదు. అసలు బండిలో ఈ క్యాలిపర్ వేరే కోణంలో ఉండేది, నా బ్రాకెట్‌లో తిరిగిపోయింది. గాలి పైకి పోతుంది, నిపుల్ కింద ఉంటే అది ఎలా బయటికి వస్తుంది? క్యాలిపర్ విప్పి, ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టి, నిపుల్ ఆకాశం వైపు ఉండేలా పట్టుకొని బ్లీడ్ చేస్తే పది నిమిషాల్లో అయిపోయింది. చెక్కముక్క మరిచిపోతే పిస్టన్ బయటికి దూకి, ద్రవం పెయింటు మీద పడుతుంది. పెయింటు లేచిపోతుంది. జాగ్రత్త.

ద్రవం విషయంలో పేర్లే గందరగోళం. బ్రేక్ ద్రవాల గ్రేడుల్లో డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గ్లైకాల్ రకాలు. డాట్ 5 ఒక్కటే సిలికాన్. 5కీ 5.1కీ చుట్టరికం ఏమీ లేదు, ఒకదాంట్లో ఒకటి కలపకూడదు. నేను వాడింది 5.1. ఎందుకంటే మనది చలి బండి. అమెరికా ప్రమాణాల ప్రకారం మైనస్ 40 డిగ్రీల దగ్గర డాట్ 4 చిక్కదనం 1800 సెంటీస్టోక్స్ దాకా ఉండొచ్చు, 5.1కి గరిష్ఠం 900. అంత చలిలో లివర్ వెనక్కి రావడంలో ఆ తేడా పనికొస్తుంది. వేడి వైపు చూసినా, కొత్త 5.1 కనీసం 260 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 కనీసం 230. సిలికాన్‌కి పెయింటు పాడుచేయని మంచి గుణం ఉంది, కానీ నీటిని కలుపుకోదు. నీళ్లు చేరితే అడుగున చుక్కలుగా నిలబడి గడ్డకట్టే ప్రమాదం. బుడగలు కూడా తొందరగా వదలవు. గ్లైకాల్‌కి ఉన్న లోపం, తేమ పీల్చుకుంటుంది. కాబట్టి సీజన్ మొదట్లో మార్చేయండి. పెద్ద పనేం కాదు.

హోస్ ఎగ్జాస్ట్ పైపు పక్కనుంచి పోకూడదు, హ్యాండిల్ పూర్తిగా రెండు వైపులా తిప్పినప్పుడు లాగకూడదు. హోస్ కొసను బిగించే బాంజో బోల్టుకి పాత వాషర్లు వాడొద్దు, కొత్తవి వేయండి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఇప్పుడు నడక. ఓవల్ మీద బ్రేక్ వాడేది ఆపడానికి తక్కువ. మలుపు మొదట్లో ఒక చిన్న తాకుడు తాకితే బరువు ముందుకు వస్తుంది, స్కీల కింది కార్బైడ్లు, అంటే గట్టి లోహపు అంచులు, ఐస్‌ని కొరుకుతాయి, ముక్కు తిరుగుతుంది. ఆ తాకుడు ఎక్కువైతే ట్రాక్ లాక్ అయి వెనక భాగం బయటికి జారుతుంది. కేబుల్ ఉన్నప్పుడు నాకు అది జూదంలా ఉండేది, ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. ఇప్పుడు వేలు చెప్పినంతే పడుతోంది. మొదటి రోజు మాత్రం అలవాటు కొద్దీ పాత బలంతో నొక్కి ఒక పూర్తి చుట్టు తిరిగి ఆగాను. చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి పరువు దక్కింది. మొదటిసారి నడిపేటప్పుడు మీరు ఖాళీ చోటు చూసుకోండి.

అందరికీ ఇది అవసరమా? ప్రదర్శనకు పెట్టే బండి అయితే వద్దు. ఒరిజినల్ బ్రేక్ పోయిన బండిని నేనైతే కొనను. రేసు చేసేవాళ్లు మీ క్లాసు రూల్ బుక్ చదివాకే పర్సు తీయండి. స్టాక్ క్లాసుల్లో, అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచాల్సిన బళ్ల పోటీల్లో, బ్రేక్ మార్చనిస్తారో లేదో ముందే కనుక్కోవాలి. నా పాత క్యాలిపర్, లివర్ కవర్లో చుట్టి, పేరు రాసి పెట్టాను.

చివరిగా ఒక్కటి. డిస్క్ జాక్‌షాఫ్ట్ మీద ఉందన్నాను కదా. చైన్‌కేస్‌లో పైన 20 పళ్లు, కింద 40 ఉన్నాయనుకోండి, డిస్క్ దగ్గరి పట్టు ట్రాక్ దగ్గరికి వచ్చేసరికి రెట్టింపవుతుంది. చిన్న క్యాలిపర్ సరిపోవడానికి కారణం అదే. డ్రైవ్ బెల్టు తెగినా బ్రేక్ ఉంటుంది. కానీ చైన్ తెగితే? డిస్క్ ఆగుతుంది, ట్రాక్ తిరుగుతూనే ఉంటుంది. ఎంత మంచి హైడ్రాలిక్ వేసినా అంతే. బ్రేక్ పట్టు పెరిగిన కొద్దీ ఆ చైన్ మీద గుంజుడూ పెరుగుతుంది. అందుకని మూత తీసి చూశాను. ఇది నా పాత చైన్, ఈ లింకు పక్కన సన్నటి గీత కనిపిస్తోందా? లైటు ఇటు తిప్పుతాను... అదిగో. అది గీత కాదు, పగులు. కొత్తది వేసేదాకా బండి బయటికి తీయలేదు.