సోనామసూరి క్యూలు, సప్లై చెయిన్ లెక్కలు

శ్రోతలందరికీ నమస్కారం. సప్లై చెయిన్ అంటే సరుకు పుట్టిన చోటు నుంచి మన చేతికొచ్చేదాకా సాగే గొలుసు, దాన్ని నడిపించే పని ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్. ఈ మాటలు వినగానే ఇదేదో ఎంబీఏ పిల్లల గోల మనకెందుకులే అని రేడియో కట్టేయకండి, ఇవాళ మాట్లాడేది బియ్యం గురించే.

2023 జులై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది, దేశంలో రేట్లు పెరుగుతున్నాయని. ఉప్పుడు బియ్యానికి, బాస్మతికి ఆ నిషేధం లేదు, కానీ అంత తీరిగ్గా చదివిందెవరు! వార్త ఫోన్లలోకి రాగానే అమెరికాలో మనవాళ్ళు ఇండియన్ స్టోర్ల మీద పడ్డారు. ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు, ట్రాలీల నిండా సోనామసూరి బ్యాగులు, బయటిదాకా క్యూ, కొన్ని చోట్ల రేటు రెట్టింపు, ఇంకొన్ని చోట్ల ఫ్యామిలీకి ఒక్క బ్యాగే అని గోడకి కాగితం.

ఇక్కడ తమాషా ఏంటంటే ఆ రోజుకి అక్కడ బియ్యానికి లోటేం రాలేదు. స్టోర్లలో ఉన్న స్టాకు ఉంది, గోడౌన్లలో ఉంది, పైగా నిషేధం రాకముందే ఓడలోకి ఎక్కడం మొదలైన సరుకుని ప్రభుత్వం ఆపలేదు కూడా, అది సముద్రం మీద వస్తూనే ఉంది. ఇక్కణ్ణుంచి ఓడలో అమెరికా చేరాలంటే నెల పైమాటే. ఆర్డర్ పెట్టిన రోజు నుంచి సరుకు చేతికొచ్చే రోజు దాకా పట్టే టైముని లీడ్ టైమ్ అంటారు. నిషేధం దెబ్బ స్టోరుకి తగలాలంటే ఆ లీడ్ టైమ్ గడవాలి, వార్త దెబ్బకి మాత్రం అర నిమిషం చాలు. నన్నడిగితే ఈ సబ్జెక్టులో సగం తిప్పలు ఇక్కడే ఉన్నాయి, సరుకేమో ఓడలో పోతుంది, కబురేమో వాట్సాప్‌లో పోతుంది.

లెక్క కోసం ఒక స్టోరు రోజుకి 20 బ్యాగులు అమ్ముతుందనుకోండి, మిల్లు, పోర్టు, ఓడ, అక్కడి కస్టమ్స్ అన్నీ కలిపి లీడ్ టైమ్ 60 రోజులనుకోండి. ఆర్డర్ పెట్టాక సరుకొచ్చేలోపు 1200 బ్యాగులు పోతాయి. ఓడ లేటైతే ఎలాగా అని ఇంకో 300 పక్కన ఉంచుకుంటాడు, అది సేఫ్టీ స్టాక్. అంటే చేతిలో స్టాకు 1500కి దిగగానే మళ్ళీ ఆర్డర్ పడాలి, దాన్నే రీఆర్డర్ పాయింట్ అంటారు. ఇంతే, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. 3000 ఉంచుకోవచ్చు కదా అంటారేమో, డబ్బు ఇరుక్కుంటుంది, గోడౌన్ అద్దె, పురుగు భయం, ఇదంతా క్యారీయింగ్ కాస్ట్. మనకి పాత బియ్యమంటే ప్రాణం కాబట్టి బియ్యం విషయంలో కొంత నయం, పెరుగు ప్యాకెట్ల వాడికి ఆ అదృష్టం లేదు.

ఇక లీడ్ టైమ్ రాసిపెట్టినట్టు ఉండదు. కాకినాడ యాంకరేజి పోర్టు చూసినవాళ్ళకి తెలుసు, పెద్ద ఓడలు ఒడ్డు దాకా రావు, దూరంగా లంగరేసి ఉంటాయి, బస్తాలు బార్జీల మీద తీసుకెళ్ళి ఎక్కించాలి, అందులో ఎక్కువభాగం ఆఫ్రికా దేశాలకి పోయే బియ్యం. వాన మొదలైందంటే లోడింగ్ ఆగినట్టే, తడిసిన బియ్యం ఎవరిక్కావాలి?

టయోటా వాళ్ళు ఈ సేఫ్టీ స్టాకే దండగ అని, ఎప్పుడు కావాలో అప్పుడే సరుకు తెప్పించుకునే జస్ట్ ఇన్ టైమ్ పద్ధతి పెట్టి ప్రపంచానికి నేర్పారు, బ్రహ్మాండంగా నడిచింది, కానీ 1997 ఫిబ్రవరి 1న బ్రేకులకి వాడే చిన్న వాల్వు చేసే ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడితే జపాన్‌లో వాళ్ళ ప్లాంట్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. మిగతా సప్లయర్లందరూ కలిసి ఆ వాల్వు చేసిస్తే కొద్దిరోజుల్లోనే తేరుకున్నారనుకోండి.

మళ్ళీ మన స్టోరు దగ్గరికొద్దాం. ఆ వారం రోజుకి 20 బదులు 200 బ్యాగులు పోయాయి అనుకోండి, ఓనరు అదే నిజమైన డిమాండ్ అనుకుని హోల్‌సేలర్‌కి రెండింతలు చెప్తాడు, హోల్‌సేలరు ఇంపోర్టర్‌కి మూడింతలు చెప్తాడు, ఇలా వెనక్కి వెళ్ళేకొద్దీ ఊపు పెరుగుతుంది, దీని పేరే బుల్‌విప్ ఎఫెక్ట్. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్ళు పాంపర్స్ డైపర్లలో దీన్ని గమనించారు, పసిపిల్లలు వాడేది రోజూ ఇంచుమించు ఒకేలా, ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి! స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ హావ్ లీ, ఆయన తోటివాళ్ళు 1997లో దీనికి చెప్పిన కారణాల్లో ఒకటి రేషనింగ్. మనిషికింత అని కోత పెట్టగానే అవసరం లేనివాళ్ళూ అడుగుతారు, కావలసినవాళ్ళు ఎక్కువ అడుగుతారు. ఫ్యామిలీకి ఒక్కటే అన్నచోట ఆయనొక కౌంటర్లో, ఆవిడింకో కౌంటర్లో నుంచుంటారు, తెలిసిందేగా.

కానీ ఆ ఇంట్లో రాత్రికి పొయ్యెక్కేది పాత గ్లాసుడు బియ్యమే. అందుకని అలాంటి వారం బిల్లులు చూసి ఆర్డర్ పెట్టే ఓనరు మునుగుతాడు, వాటిని పక్కనపెట్టి అంతకుముందు మూడు నెలల అమ్మకం తీసి, ఇప్పుడు కొన్నవాళ్ళు మళ్ళీ బియ్యానికి ఎప్పుడొస్తారో అంచనా వేసుకుని, అప్పుడు ఫోన్ తియ్యాలి.