మ్యూజియానికి ముందు కావలసింది పట్టిక

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు ఇప్పుడే చదివారు. నేను మళ్లీ చదవను. ఆ సమయం కేరళ యూదుల ఊరు కొచ్చికి ఇవ్వండి.

‘యూదు మ్యూజియం ఏర్పాటు’ అని అంశం ఇచ్చారు. ఏర్పాటు అనగానే మనవాళ్లకు స్థలం, శిలాఫలకం, రిబ్బను గుర్తొస్తాయి. కేరళలో యూదుల పాత ప్రార్థన మందిరాలను, అంటే సినగాగ్‌లను, మ్యూజియంలుగా మార్చిన తీరు చూస్తే అన్నిటికంటే ముందు ఒక పట్టిక కావాలని తెలుస్తుంది. ఏ వస్తువు ఎక్కడుంది, ఎవరిది, ఏ షరతు మీద ఇచ్చారు? ఈ మూడూ రాసి లేకపోతే ఏమవుతుందో చెబుతాను.

కొచ్చిలోని మట్టాంచేరిలో కడవుంభాగం సినగాగ్ 1544 నాటిది. 1950 దశకంలో ఆ సమాజం ఇజ్రాయెల్ వెళ్లిపోయింది, భవనం చేతులు మారి గోదామైంది. చెక్కడాలతో, రంగులతో ఉన్న దాని లోకప్పు ఇప్పుడు జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలు భద్రపరిచే మందసం ఇజ్రాయెల్‌లోనే నెహలీం అనే ఊళ్లో ఉంది. మరి జెరూసలేంలో ఆ కప్పు కింద నిలబెట్టిన మందసం ఎక్కడిది? కేరళలోనే ఉన్న పరవూరు సినగాగ్‌ది! కేరళ ప్రభుత్వ వారసత్వ పథకమైన ముజిరిస్ కింద పరవూరును మ్యూజియం చేసినప్పుడు అక్కడ నకలు చేయించి పెట్టారు. మట్టాంచేరిలో మిగిలిన గోడల్లో ముందుభాగం 2019 సెప్టెంబరు వానలకు కూలిపోయింది.

తీసుకెళ్లినవాళ్లను తిట్టడం తేలిక. తీసుకెళ్లకపోతే ఆ చెక్క కూడా వానకు నాని, చెదలు పట్టి పోయేదే. పైగా ఆ కప్పు కింద ప్రార్థన చేసినవారి పిల్లలు ఇప్పుడు ఇజ్రాయెల్‌లోనే ఉన్నారు. అక్కడి నెవాతీం ఊళ్లో వాళ్లు తమ కొచ్చి జ్ఞాపకాలకు సొంత మ్యూజియం పెట్టుకున్నారు. నా మాట ఒక్కటే. పరవూరులో నకలు ముందు నిలబడ్డ మనిషికి అసలు ఎక్కడుందో, ఎందుకు వెళ్లిందో అక్కడి వివరాల పలకే చెప్పాలి. జెరూసలేంలోని పలక కూలిన గోడ సంగతి చెప్పాలి.

పలకల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ముందుకు పోలేను. కొచ్చి యూదులు అనగానే అందరూ బయటి దేశాల నుంచి తర్వాత వచ్చిన యూదులు కట్టిన 1568 నాటి పరదేశి సినగాగ్‌నే చూపిస్తారు. అక్కడి నేల మీది నీలం రంగు చైనా పలకల ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. సంఖ్యలో ఎక్కువగా ఉన్నది అంతకు ముందు నుంచే కేరళలో ఉన్న మలబారీ యూదులు. చేందమంగలంలో దొరికిన 1269 నాటి హీబ్రూ సమాధిరాయి పరదేశి సినగాగ్ కంటే మూడు వందల ఏళ్లు పాతది. బానిసత్వం నుంచి విడుదలైనవారి సంతతికి పరదేశి సినగాగ్ లోపల సమాన స్థానం ఉండేది కాదు. ఆ కుటుంబాల నుంచే వచ్చిన న్యాయవాది ఎ.బి. సేలం దాని మీద సత్యాగ్రహం చేశారు. అయ్యా, ‘అందరూ సామరస్యంగా జీవించారు’ అని ఒక్క వాక్యం రాసి ఈ మనిషిని చెరిపేయకండి! రాజులు ఆదరించిన మాట నిజం. లోపల తేడా చూపిన మాటా నిజం. రెండూ ఒకే గోడ మీద ఉండాలి.

ఇక భవనం. అక్కడి గోడలు లేటరైట్ అనే ఎర్రమట్టి రాయి, సున్నం. తొందరపడి సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది, ఉప్పు గడ్డకట్టి రాయి పొడిగా రాలుతుంది. పాత పూతకు సరిపోయే గానుగ సున్నమే వాడాలి. జూన్ రాకముందే పెంకులు సర్ది, నీటి తూములు శుభ్రం చేయాలి. తోలు మీద రాసిన తోరా చుట్టకు పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం అన్నిటికంటే చెడ్డది. తోలు ముడుచుకుని సాగి, సిరా పెచ్చులూడుతుంది. తోలు, బట్ట ఉన్నచోట వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకూడదు. పాడైన చుట్టను పారేయడానికి లేదు, వాళ్ల ఆచారం ప్రకారం శ్మశానంలో పూడ్చాలి. ఏది ప్రదర్శనకు, ఏది భూమికి అన్నది ఆ సమాజం చెప్పాలి.

కేరళ సినగాగ్‌లలో మాత్రమే కనిపించే ఇంకో విశేషం, తోరా చదివే వేదికలు రెండుండడం. ఒకటి నడిమధ్య, ఒకటి పైన, ఆడవాళ్లు కూర్చునే చోటికి ముందు. చెప్పకపోతే ఎవరూ తల ఎత్తి చూడరు. మ్యూజియంలు ఆ ఆడవాళ్ల మలయాళం పాటల పుస్తకాలను కూడా వెండి సామాను తర్వాత పెడుతున్నాయి. వాటికి ముందు చోటు ఇవ్వాలి.

కేరళలోని మాళలో యూదు సమాజం వెళ్లిపోతూ సినగాగ్‌ను, శ్మశానాన్ని పంచాయతీకి రాతపూర్వకంగా అప్పగించింది. శ్మశానాన్ని కాపాడాలన్నది షరతు. తర్వాత ఆ నేలలో క్రీడా నిర్మాణం తలపెడితే అడ్డుపడింది ఆ ఊరి మామూలు జనం. వాళ్ల చేతిలో ఆయుధం ఆ కాగితమే.

మన దగ్గర, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే బెనే ఎఫ్రయీం సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు, మన తెలుగువాళ్లు. వాళ్ల మూలాల మీద వాదాలున్నాయి. మ్యూజియం ఆ తీర్పు చెప్పే చోటు కాదు. వాళ్లు ఏమి పాడతారో, సబ్బాతు అనే వారపు విశ్రాంతి దినాన్ని ఎలా పాటిస్తారో వాళ్ల మాటల్లోనే రికార్డు చేయాలి. సభలో విద్యార్థులున్నారు, మీరు మొదలుపెట్టండి. వస్తువును ఇంట్లోనే ఉంచి ముందూ వెనకా ఫొటో తీయండి, సంఖ్య వేయండి. ఇచ్చినవారి షరతులు వారి భాషలోనే రాయండి. రెండు ప్రతులు చేసి ఒకటి ఆ ఇంట్లోనే వదలండి. తిరిగి అడిగితే ఎన్ని రోజుల్లో ఇవ్వాలో అందులోనే ఉండాలి. భవనం నమూనా, కమిటీలో ఎవరెవరు అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.