సంగటి తింటే షుగరు మాత్ర మానవచ్చా?

[తెరపై: రాగి సంగటి ముద్ద, పక్కన మాత్రల పట్టీ]

నమస్కారం. "సంగటికి మారిపోయాను, ఇక షుగరు మాత్రలతో పనిలేదు" అనే మాట తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఉదయపు నడకలో, పెళ్ళి పంక్తిలో, చివరికి మందుల దుకాణం ముందు కూడా వినబడుతూనే ఉంటుంది. దీనికి ఎదురుగా నిలిచే మాట ఇంకొకటి ఉంది: "మాత్ర వేసుకుంటున్నాను కదా, ఏం తింటే ఏమవుతుంది?" చూడటానికి ఇవి ఒకదానికొకటి విరోధంగా కనిపించినా, రెండూ ఒకే అపోహ నుంచి పుట్టాయి. ఆహారమూ మందూ చేసేది ఒకే పని అని, అందుచేత ఒకటి ఉంటే రెండవది అక్కరలేదని అనుకోవడమే ఆ అపోహ. ఇది విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే మొదటి మాట నమ్మినవారు కొన్నేళ్ళకు కంటి వైద్యుని దగ్గర, రెండవ మాట నమ్మినవారు మూత్రపిండాల వైద్యుని దగ్గర తేలే ప్రమాదం నిజంగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి తరఫున జరిగి 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో సుమారు 10 కోట్లమందికి మధుమేహం ఉందని, 13 కోట్లకు పైగా జనం దాని గుమ్మం దగ్గర ఉన్నారని అంచనా వేసింది. ఇది కొద్దిమంది సమస్య కాదు.

పరగడుపు పరీక్ష, భోజనం తరువాతి పరీక్ష అంటే ఏమిటో మీకు తెలుసు కనుక అక్కడ ఆగను. శరీరంలో ఏది ఎక్కడ పనిచేస్తుందో చెప్పడానికి మన ప్రాంతంవారికి తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సుకు మించిన పోలిక లేదని నా నమ్మకం.

[తెరపై: ఘాట్ రోడ్డు, కంపార్టుమెంట్లు, ద్వారాలు చూపే పటం]

మనం తిన్న అన్నం, సంగటి, దోసె ప్రేగులలో జీర్ణమై గ్లూకోజుగా మారుతాయి. ఆ గ్లూకోజు కణాలను అలిపిరి నుంచి బస్సులలో కొండెక్కే యాత్రికులనుకోండి. రక్తనాళాలే కంపార్టుమెంట్లు. యాత్రికులు చేరవలసిన చోటు కండరాల కణాల లోపల ఉంది, అక్కడికి చేరితేనే వారి ప్రయాణం సఫలం. కంపార్టుమెంటు తలుపు తీసి వారిని లోపలికి పంపే సిబ్బంది పేరు ఇన్సులిన్. టైప్ 2 మధుమేహంలో మొదట జరిగేది సిబ్బంది తగ్గిపోవడం కాదు. వారు తాళం తీసినా తలుపులు బిగుసుకుపోయి సగమే తెరుచుకుంటాయి. దానితో ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమం అనే గ్రంథి మరింతమంది సిబ్బందిని పంపుతుంది, ఏళ్ళ తరబడి అలా పంపి పంపి అలసిపోతుంది. అప్పటికి కంపార్టుమెంట్లు కిక్కిరిసి ఉంటాయి. మన పరీక్షా పత్రంలో కనిపించే అంకె ఆ రద్దీయే.

ఇప్పుడు సంగటి సంగతి చూద్దాం. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల ముడి బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములుంటే, రాగులలో సుమారు 67 గ్రాములుంటుంది. బియ్యంలో పీచు 3 గ్రాములకు మించదు, రాగులలో సుమారు 11 గ్రాములుంటుంది. కాల్షియం విషయంలో రాగులకు సాటి వచ్చే ధాన్యం లేదు, 100 గ్రాములకు 360 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. ఈ అంకెలను మళ్ళీ ఒకసారి చూడండి. యాత్రికుల సంఖ్యలో తేడా స్వల్పం, బస్సుల వేగంలో తేడా ఎక్కువ. పీచు ఉండటం వలన బస్సులు ఘాట్ రోడ్డులో నెమ్మదిగా, ఎడం ఎడంగా వస్తాయి కనుక తలుపుల దగ్గర ఒక్కసారిగా తొక్కిసలాట జరగదు. రాగికి ఉన్న గొప్పతనం ఇదే, ఇది చిన్న విషయం కాదు. అయితే రెండు పెద్ద ముద్దలు తిని, "రాగే కదా" అని మూడవది కూడా వేయించుకుంటే, బస్సులు నెమ్మదిగా వచ్చినా రావలసిన యాత్రికులందరూ వచ్చి చేరుతారు. పైగా మెత్తగా జల్లించిన పిండితో, సగానికి సగం బియ్యపు నూక వేసి కెలికిన సంగటిలో ఆ నెమ్మదితనం కూడా చాలావరకు పోతుంది. సంగటిలో నూక ఎంత, పిండి ఎంత అని ఇంట్లో అడిగి తెలుసుకోవడం రాగి మంచిదా కాదా అని వాదించడం కంటే ఎంతో ఉపయోగకరం.

సంగటితో పాటు ఏం తింటున్నామన్నది నా దృష్టిలో ఇంకా ముఖ్యమైన ప్రశ్న. మన పెద్దలు సంగటిని ఒంటరిగా తినలేదు. ఆకుకూర పప్పో, ఊరిబిండో, ఉలవచారో, చలికాలంలో అనపగింజలు నానబెట్టి పొట్టు తీసి వండే పితికిపప్పో పక్కన ఉండేది. ఆ మాంసకృత్తులు, పీచు, కొద్దిపాటి నూనె కలిసి జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, అంటే బస్సులను ఇంకొంచెం నిదానంగా నడిపిస్తాయి. కూర, పప్పు ముందు తిని అన్నమో సంగటో తరువాత తిన్నప్పుడు భోజనం తరువాతి చక్కెర తక్కువగా పెరుగుతున్నట్టు పరిశోధనలు చూపాయి. ఖర్చులేని మార్పు ఇది. ముద్ద సగం చేసి పితికిపప్పు రెట్టింపు చేయండి అని నేను అందరికీ చెబుతుంటాను.

బెల్లం గురించి చెప్పకుండా చిత్తూరు జిల్లావారితో మాట్లాడలేను. చెరకు గానుగలు, బెల్లపు మండీ ఉన్న ప్రాంతం మనది, బెల్లంపై మమకారం సహజం. బెల్లంలో కొద్దిగా ఖనిజాలున్న మాట నిజమే. కానీ అందులో అధిక భాగం చక్కెరలో ఉండే సుక్రోజే. యాత్రికులు తెల్లని పంచె బదులు గోధుమరంగు పంచె కట్టుకుని వచ్చినంత మాత్రాన కంపార్టుమెంటులో రద్దీ తగ్గదు. తేనెకూ తాటిబెల్లానికీ ఇదే సమాధానం.

ఇక మాత్రల దగ్గరకు వద్దాం. "రాత్రి ఏమీ తినలేదు, అయినా తెల్లవారేసరికి షుగరు 160 ఉంది, ఎలా?" అని చాలామంది నిజమైన ఆశ్చర్యంతో అడుగుతారు. కొండమీదికి రాత్రి ఒక్క బస్సు రాకపోయినా, ముందే వచ్చి గదులలో బస చేసిన యాత్రికులు తెల్లవారుజామున లేచి క్యూలో చేరరా? ఆ గదులే మన కాలేయం. అది గ్లూకోజును నిలువ చేసుకుంటుంది, కొత్తగా తయారు కూడా చేస్తుంది, తెల్లవారుజామున రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యవంతులలో ఇన్సులిన్ దానిని అదుపు చేస్తుంది, మధుమేహంలో ఆ అదుపు తప్పుతుంది. మెట్‌ఫార్మిన్ అనే మాత్ర ముఖ్యంగా పనిచేసేది ఇక్కడే. గదుల నుంచి వేళాపాళా లేకుండా బయలుదేరేవారిని అది తగ్గిస్తుంది. గ్లిమెపిరైడ్ వంటివి క్లోమాన్ని తట్టి మరింత సిబ్బందిని రప్పిస్తాయి. డపాగ్లిఫ్లోజిన్ వంటివి కిక్కిరిసినవారిలో కొందరిని మూత్రం గుండా బయటికి పంపివేస్తాయి. సంగటి ఘాట్ రోడ్డు మీద పనిచేస్తే, ఈ మూడు మందులూ మూడు వేరే చోట్ల పనిచేస్తున్నాయి. ఒకదాని బదులు మరొకటి ఎలా సరిపోతుంది?

ఇక్కడే ఒక మాట చెప్పాలి. "మొక్కల మందు వేరు, ఇంగ్లీషు మందు వేరు" అని మధ్యలో గోడ కట్టేవారు తెలుసుకోవలసిన విషయమిది. మధ్యయుగపు ఐరోపాలో నాటువైద్యులు వాడిన గాలెగా అనే మొక్కలోని పదార్థంపై జరిగిన పరిశోధనల పరంపరలోనే మెట్‌ఫార్మిన్ పుట్టింది. మొక్క నుంచి వచ్చిందా లేదా అన్నది ప్రశ్న కాదు. మోతాదు తెలుసా, పరీక్షించారా, శరీరంలో ఏమి చేస్తుందో తెలుసా అన్నవే ప్రశ్నలు. మెట్‌ఫార్మిన్‌నూ అవే ప్రశ్నలు అడగాలి. దానిని ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు, కాళ్ళ తిమ్మిర్లు మొదలైతే ఆ పరీక్ష కూడా చేయించమని అడగడం మీ హక్కు.

నడక గురించి నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. అంటే బిగుసుకుపోయిన తలుపుల పక్కనే ఇంకొక ద్వారం ఉంది, దానిని తెరిచేది మన కాళ్ళు. భోజనమైన తరువాత పది పదిహేను నిమిషాలు నడవమని చెప్పడానికి కారణం అదే. అలాగని షుగరు ఉన్నవారు ఆలోచన లేకుండా అలిపిరి మెట్లన్నీ పాదరక్షలు లేకుండా ఎక్కడం నాకు భయం కలిగిస్తుంది. నరాలు మొద్దుబారిన పాదానికి రాయి గుచ్చుకున్నా, వేడి నేల కాల్చినా తెలియదు, ఆ చిన్న గాయమే పుండుగా మారుతుంది. మొక్కు ఉన్నవారు ముందు పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి, దిగిన తరువాత అరికాళ్ళను అద్దంలో చూసుకోవాలి, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడుతుంటే చక్కెర పడిపోతే వేసుకోవడానికి జేబులో గ్లూకోజు పొడి ఉంచుకోవాలి.

అయితే ఆహారంతో మందులు మానే స్థితి ఎవరికీ రాదా? వస్తుంది, దాచవలసిన పనిలేదు. 2017లో ఫలితాలు ప్రకటించిన డైరెక్ట్ అనే బ్రిటన్ అధ్యయనంలో, మధుమేహం బయటపడి ఆరేళ్ళు దాటని, ఇన్సులిన్ వాడని, అధిక బరువున్నవారికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చారు. ఏడాది తరువాత వారిలో 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహం గీత కిందికి వచ్చారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో ఇది 86 శాతం. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరగడమే దీనికి ముఖ్య కారణమని ఆ పరిశోధకులు వివరించారు. అంటే గదులలో, తలుపుల దగ్గర అడ్డుపడిన సామాను తొలగిపోయింది. కానీ రెండేళ్ళకు ఆ స్థితిలో నిలిచినవారు 36 శాతం. ఆ మందులను ఆపించింది వైద్యులు, ఆపిన తరువాత పరీక్షిస్తూ వచ్చింది కూడా వారే. ఆ ఫలితం బరువు తగ్గడం వలన వచ్చింది, ఏదో ఒక ధాన్యం వలన కాదు.

మన పక్కనే చెన్నైలో జరిగి, 2006లో ప్రచురితమైన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం ఇంకా దగ్గరి పాఠం చెబుతుంది. మధుమేహం గుమ్మం దగ్గర ఉన్నవారిలో మామూలు సలహా మాత్రమే పొందినవారిలో మూడేళ్ళలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది, ఆహారమూ నడకా మార్చుకున్నవారిలో 39 శాతం మందికే వచ్చింది. రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష హెచ్‌బీఏ1సీ 5.7కూ 6.4కూ మధ్య ఉన్నవారు ఇంట్లో ఉంటే, సంగటి, పప్పు, నడక నిజంగా ఫలించే కాలం వారికి ఇదే.

సమయం మించిపోతున్నది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. మెంతులు భోజనం తరువాతి చక్కెరను కొంత తగ్గిస్తాయని చిన్న అధ్యయనాలు చూపాయి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలోనూ వాటిపై పరిశోధన జరిగింది. వాడండి, కానీ వాడుతున్నట్టు వైద్యునికి చెప్పండి, ఎందుకంటే మాత్రతో కలిసి చక్కెర మరీ పడిపోవచ్చు. పేరూ ఊరూ లేని పొడులు మాత్రం వద్దు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో దొరికిన 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయి. ఇది ఆయుర్వేదంపై తీర్పు కాదు. తిరుపతిలో ఆయుర్వేద కళాశాల ఉంది, చదువుకున్న వైద్యులున్నారు, వారి దగ్గరకు వెళ్ళండి. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది.

పెరటాసి అనే తమిళ నెల శనివారాలకు, ఏకాదశికి ఉపవాసం ఉండేవారు ఒక వారం ముందే వైద్యుని కలిసి ఆ రోజు మోతాదులను వ్రాయించుకోవాలి. ఆ రోజు గ్లిమెపిరైడ్ మామూలుగా వేసుకుంటే చక్కెర పడిపోవచ్చు, డపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదముంది.

ఉప్పు రోజుకు 5 గ్రాములలోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెబుతుంది, రక్తపోటు కూడా ఉన్నవారు ఇది మరవకూడదు, ఊరగాయనూ అప్పడాన్నీ ఆ లెక్కలో కలపాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఇంతవరకు నేను చెప్పిన ఆహార సలహాలలో కొన్ని తలక్రిందులవుతాయి. ఆకుకూరలు, పప్పులు, కొబ్బరినీళ్ళు, పొటాషియం కలిసిన "తక్కువ ఉప్పు" పొడులు వారికి హాని చేయవచ్చు. కాబట్టి పళ్ళెం మార్చే ముందు మూత్రపిండాల స్థితి తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించి, ఆ పత్రాలతోనూ, ఇంట్లో వాడుతున్న ప్రతి పొడి, కషాయం, మాత్ర పేరు వ్రాసిన కాగితంతోనూ మీ వైద్యుని దగ్గరకు వెళ్ళండి.