ఎపిసోడ్ 31: చదివించడం అనుకున్నాం, ఎక్కాల్లో ఇరుక్కున్నాం

శీను: ఆ, ఆన్ అయింది. ఎర్ర లైటు వెలుగుతోంది చూడు.

వదిన: పోయినసారి కూడా వెలిగింది. నలభై నిమిషాలు మాట్లాడాక చూస్తే మైకు పెట్టనేలేదు నువ్వు.

శీను: ఇంకెన్నాళ్ళు చెప్తావ్ వదినా అది. సరే, అందరికీ నమస్కారం, ఈ వారం టాపిక్ ముందే చెప్పాం, ఒకటీ రెండూ మూడూ క్లాసుల పిల్లలు ఉన్న ఇంట్లో రీడింగ్. అంటే హోంవర్క్ కాదు, రోజూ ఒక పావుగంట బుక్ తీసుకుని మనం పక్కన కూర్చుని చదివించడం. దాని మీద చాలా మెసేజీలు వచ్చాయి, మా వాడు పుస్తకం ముట్టుకోడు, బొమ్మ చూసి ఊహించి చెప్పేస్తాడు, ఇట్లా.

వదిన: బొమ్మ మీద చెయ్యి పెట్టి మూసెయ్యండి, అయిపోయింది ఎపిసోడ్.

శీను: ఆగు ఆగు. దానికి ముందు ఒక్క మాట, రెండే నిమిషాలు.

వదిన: నీ రెండు నిమిషాలు వినేవాళ్ళకి బాగా తెలుసు. ఎక్సెల్ షీట్ ఎపిసోడ్ మర్చిపోలేదు ఎవరూ.

శీను: కాదు, నిన్న రాత్రి మా అబ్బాయి చిట్టిగాడికి ఎక్కాలు చెప్పిస్తున్నా. మూడో క్లాసు కదా, స్కూల్లో ఏడో ఎక్కం అప్పజెప్పాలంట. మొదట్నుంచీ గడగడా చెప్పేశాడు, ఎక్కడా ఆగలా. నాకు భలే సంతోషం వేసింది. సరే అని ఊరికే, సెవెన్ ఎయిట్ జా అని అడిగా. అంతే, బిగుసుకుపోయాడు. మళ్ళీ సెవెన్ వన్ జా సెవెన్ నుంచి మొదలుపెట్టి, గుసగుసగా, ఒక్కో మెట్టూ ఎక్కి అక్కడికి వచ్చాడు.

వదిన: అంటే వాడికి వచ్చింది ఎక్కం కాదు, పాట.

శీను: అదే చెప్పబోతున్నా, కానీ మనమూ అట్లాగే నేర్చుకున్నాం కదా, పాడీ పాడీ.

వదిన: ఏడెనిమిదులు ఎంత?

శీను: యాభై ఆరు.

వదిన: చెప్పే ముందు పెదాలు కదిలాయి నీవి. నేను చూశా.

శీను: (నవ్వు) లేదు!

వదిన: కదిలాయి. ఏడార్లు దగ్గర్నుంచి ఎక్కావ్. చూడు శీనూ, పాడటం తప్పని నేను అనట్లేదు, ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పా, పాడించా కూడా. పాట నోటికి వస్తే వరస వస్తుంది. అయితే లెక్కలో ఏడెనిమిదులు వరసలో రాదు కదా, మధ్యలో ఎక్కడో ఊడిపడుతుంది. అప్పుడు పిల్లాడు ఏడొకట్ల నుంచి మొదలుపెడితే, ఎక్కి వచ్చేసరికి అసలు ఏ లెక్క చేస్తున్నాడో మర్చిపోతాడు. చేతిలో మిగిలింది ఎంతో, ఏ వరసలో ఉన్నాడో, అన్నీ పోతాయి. అప్పుడేం చేస్తాడు? రబ్బరు తీస్తాడు.

శీను: వచ్చింది! రబ్బరు వచ్చింది. టైమ్ చూడండి ఎవరన్నా, నాలుగో నిమిషంలోనే వచ్చేసింది.

వదిన: నవ్వుకో. ఇంట్లో పిల్లాడి బల్ల మీంచి తీసెయ్యాల్సిన మొదటి వస్తువు రబ్బరు. ఫోను కూడా తర్వాతే.

శీను: అది తర్వాత మాట్లాడదాం. నా ప్రశ్న ఏంటంటే, అర్థం చేసుకుంటే చాలు, బట్టీ అక్కర్లేదు అంటారు కదా కొంతమంది, నువ్వు ఆ గుంపా?

వదిన: ఏ గుంపూ కాదు. ముందు అర్థం కావాలి, తర్వాత ఆలోచించకుండా నోటికి రావాలి, రెండూ కావాలి. అసలు మన భాషలో అర్థం మాటలోనే ఉంది, మనమే వినం. రెండు రెళ్ళు నాలుగు. రెళ్ళు అంటే ఏంటి?

శీను: రెళ్ళు అంటే... రెళ్ళే.

వదిన: రెండుకి బహువచనం. మూళ్ళు అంటే మూడులు. నాలుగు మూళ్ళు అంటే మూడు, మూడు, మూడు, మూడు, అట్లా నాలుగు. ఇంకేం చెప్పక్కర్లేదు పిల్లాడికి.

శీను: అబ్బా, వదినా, ఇది నేను ఎప్పుడూ ఆలోచించలేదు! చిట్టిగాడు నన్ను అడిగాడు తెలుసా, నాన్నా జా అంటే ఏంటి అని. టూ టూ జా ఫోర్‌లో జా. టేబుల్స్‌లో అంటార్రా అట్లా అని చెప్పేశా.

వదిన: అదీ అంతే. టూ టూస్ ఆర్ ఫోర్. టూస్ చివర జ్ అని పలికి, ఆర్ కలిపి గబగబా అంటే జా. అక్కడా బహువచనమే. జా దగ్గర అర్థం అరిగిపోయి ఊరికే శబ్దం మిగిలింది. వాడు అడిగినప్పుడు అది చెప్పి, కాగితం మీద నాలుగు వరసల్లో మూడేసి చుక్కలు పెట్టి చూపించి ఉంటే ఎంత బావుండేది. తర్వాత కాగితం పక్కకి తిప్పు, మూడు వరసల్లో నాలుగేసి. చుక్కలు అవే. అంటే నాలుగు మూళ్ళు వస్తే మూడు నాలుగులు ఉచితం.

శీను: ఇక్కడే నా లెక్క! ఇది నేను నిన్న రాత్రి కూర్చుని వేశా.

వదిన: ఎక్సెల్‌లోనా.

శీను: ...ఎక్సెల్‌లోనే. వినండి, ఒకటి నుంచి పది దాకా ఎక్కాలు అంటే 100 గళ్ళు. పిల్లాడికి కొండలాగా కనిపిస్తుంది. కాగితం తిప్పే ట్రిక్కుతో అది 55 అవుతుంది. అందులో ఒకటి, రెండు, ఐదు, పది, ఇవి దాదాపు అందరికీ వచ్చేస్తాయి, తీసేస్తే మిగిలేది 21. తొమ్మిదో ఎక్కానికి వేళ్ళ ట్రిక్కు ఉంది, అదీ తీసేస్తే 15. పదిహేనే వదినా! 100 అనుకుని ఏడుస్తుంటారు, అసలు నేర్చుకోవాల్సింది పదిహేను.

వదిన: వేళ్ళ ట్రిక్కు చెప్పు, తెలియని వాళ్ళు ఉంటారు.

శీను: పది వేళ్ళూ చాపి పెట్టుకోవాలి. తొమ్మిదేడులు కావాలంటే ఎడమ నుంచి ఏడో వేలు మడవాలి. మడిచిన వేలికి ఎడమ పక్క ఆరు, కుడి పక్క మూడు. అరవై మూడు. ఎందుకంటే తొమ్మిదో ఎక్కంలో పదుల అంకె ఒకటి పెరిగినప్పుడల్లా ఒకట్ల అంకె ఒకటి తగ్గుతుంది, రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే.

వదిన: బావుంది. ఇందాకటి ఏడెనిమిదులకి నేను ఏం చెప్పేదాన్నో తెలుసా? ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. యాభై ఆరు, ఏడెనిమిదులు. అంకెలు వరసగా ఉన్నాయి చూడు.

శీను: ఓ!

వదిన: అది గుర్తు లేకపోతే, ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది తెలుసు కదా, దాన్ని రెట్టింపు చెయ్యి. లేదంటే ఏడేడులు నలభై తొమ్మిది, దానికి ఇంకో ఏడు. ఇట్లా దారులు రెండు మూడు తెలిసిన పిల్లాడు బిగుసుకుపోడు, ఒకటి మూసుకుపోతే ఇంకోదాంట్లోంచి వస్తాడు. పాట ఒక్కటే తెలిసినవాడికి వేరే దారి లేదు.

శీను: అయితే ఇంట్లో రోజూ ఏం చెయ్యాలి? ఆ పదిహేనూ రాసి గోడకి అంటించాలా?

వదిన: గోడకి అంటిస్తే గోడకే వస్తాయి. అడగాలి. ఒకటి రెండు, అంతే, మెట్లు ఎక్కుతుంటే, చెప్పులు వేసుకుంటుంటే. రేపు మళ్ళీ అడగాలి, నాలుగు రోజులు ఆగి మళ్ళీ.

శీను: ఇది ఎబింగ్‌హౌస్...

వదిన: వద్దు.

శీను: ఒక్క లైను! ఎబింగ్‌హౌస్ అని జర్మన్ సైకాలజిస్టు, 1885లో పుస్తకం వేశాడు, అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టి తన మీదే ప్రయోగం చేసుకుని, మొదట్లో గబగబా మర్చిపోతాం, తర్వాత మెల్లగా అని చూపించాడు. ఇంకోటి, 2006లో రోడిగర్, కార్పికే అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు, పాఠం మళ్ళీ మళ్ళీ చదివిన వాళ్ళు ఐదు నిమిషాల తర్వాత బాగా చెప్పారు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం ప్రాక్టీస్ చేసినవాళ్ళు వారం తర్వాత బాగా చెప్పారు. అంటే నువ్వు చెప్పిందే, అడగాలి అని.

వదిన: అది ఎవరి మీద చేశారు?

శీను: కాలేజీ వాళ్ళ మీద.

వదిన: ఆ. మన దగ్గర ఉన్నది మూడో క్లాసు. వాళ్ళని అడగడం ఎట్లా అన్నదే అసలు సంగతి. పోలీసులా అడిగితే మర్నాడు నీ మొహం చూడగానే బాత్రూమ్‌లోకి పోతారు.

శీను: (కొంచెం ఆగి) నిన్న అదే అయింది.

వదిన: ఏమైంది?

శీను: ఇందాక మొత్తం చెప్పలేదు. సెవెన్ ఎయిట్ జా అని నాలుగోసారి కూడా తప్పు చెప్పాడు, నేను అరిచా. గట్టిగానే. ఇంత చిన్నది రాదా అన్నా. వాడు ఏడవలేదు, అదే... ఏడిస్తే బావుండేది. పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాడు, చెక్కుతూనే ఉన్నాడు, అయిపోయేదాకా.

వదిన: ఊ.

శీను: అందుకే రాత్రి కూర్చుని ఆ లెక్కలు వేశా. నిద్ర పట్టలా.

వదిన: నేను మా పెద్దోడి మీద అరిచా, వాడు నాలుగులో ఉన్నప్పుడు. బయట పిల్లల దగ్గర నాకు ఓపిక ఎక్కువని పేరు, ఇంటికొచ్చేసరికి అంతా అయిపోయేది. ఇప్పుడు వాడు ఉద్యోగం చేస్తున్నాడు, ఇప్పటికీ ఎవరన్నా బిల్లు పంచుకుందాం అంటే నాకు లెక్కలు రావు అంటాడు. నవ్వుతూనే అంటాడు. నేను వేరే గదిలోకి వెళ్ళిపోతా.

శీను: అది నీ వల్లే అని ఏముంది వదినా.

వదిన: ఏమో. వాడు తప్పు చేస్తే నేను రబ్బరు తీసి చెరిపేసి సరైంది రాయించేదాన్ని. వాడి తప్పు ఏంటో నేను ఎప్పుడూ చూళ్ళేదు. నా రబ్బరు గొడవంతా అక్కణ్ణించి వచ్చిందే, నువ్వు నవ్వుతావు గానీ.

శీను: నవ్వట్లేదు.

వదిన: చూడు, నలభై రెండులోంచి పదిహేడు తీసెయ్యమంటే ఒక పిల్ల 35 రాసింది. తప్పే, రావాల్సింది 25. చెరిపేస్తే ఏం తెలుస్తుంది? ఎట్లా వచ్చిందమ్మా అని అడిగా. రెండులోంచి ఏడు పోదు కదా టీచర్, అందుకని ఏడులోంచి రెండు తీశా అంది. ఎంత శుభ్రంగా ఆలోచించిందో చూడు! ఆ పిల్లకి తీసివేత వచ్చు. పదుల్లోంచి అప్పు తెచ్చుకోవడం రాదు, అంతే. ఇంకొకడు నూట ఐదు రాయమంటే 1005 రాస్తాడు, నూరు రాశాడు, పక్కన ఐదు పెట్టాడు, చెవికి వినపడినట్టే రాశాడు. ఇవి అజాగ్రత్త కాదు, సోమరితనం కాదు. ఒక గీత కొట్టించండి, పక్కన మళ్ళీ రాయించండి, తప్పు కనపడుతూ ఉండనివ్వండి.

శీను: కానీ స్కూల్లో నోట్‌బుక్ నీట్‌గా లేదని రాసి పంపిస్తారు, మా వాడికి పంపించారు కూడా.

వదిన: దానికి రఫ్ పుస్తకం పెట్టు. ఫెయిర్ నోట్సులో వాళ్ళకి కావాల్సినట్టు, ఇంట్లో రఫ్‌లో మనకి కావాల్సినట్టు.

శీను: సరే, నిన్న వాడు నాలుగుసార్లు ఏం చెప్పాడో తెలుసా? 54, మళ్ళీ 54, 48, 54.

వదిన: మరి! 54 ఆరు తొమ్మిదులు, 48 ఆరెనిమిదులు. వాడు పక్కింటి తలుపు కొడుతున్నాడు, గాల్లోంచి చెప్పట్లేదు. దాని మీద అరిచావ్ నువ్వు.

శీను: ...అరిచా.

వదిన: పొద్దున ఏం చెప్పావ్ వాడికి?

శీను: ఏం చెప్పలా. బస్సుకి టైమ్ అయింది.

వదిన: సాయంత్రం చెప్పు, నిన్న నేనే తప్పు చేశాను రా అని. పెద్దవాళ్ళు కూడా గీత కొట్టుకుంటారని చూస్తాడు.

శీను: అక్కడ కూడా రబ్బరు పెట్టేశావ్.

వదిన: (నవ్వు) పెట్టా.

శీను: అయ్యో వదినా, టైమ్! రీడింగ్ గురించి అసలు మొదలే పెట్టలేదు. జనం తిడతారు. గబగబా ఏదన్నా చెప్పు.

వదిన: ఏముంది, పిల్లాడికి చదవడం వచ్చేసిందని మనం చదివి వినిపించడం మానెయ్యకండి, అదే పెద్ద తప్పు. వాడు సొంతంగా చదవగలిగే పుస్తకం చిన్నది, విని అర్థం చేసుకోగలిగేది దానికంటే చాలా పెద్దది. రెండూ జరగాలి. ఆగిపోయినప్పుడు వెంటనే అందించకండి, మనసులో ఐదు లెక్కపెట్టండి. తెలుగులో ఎక్కువ ఆగేది రెండు చోట్ల, మ, య లాంటి జంటల దగ్గర, ఇంకా వత్తుల దగ్గర. వత్తు కింద ఉంటుంది, పలికేటప్పుడు అది రెండోది, కానీ గుణింతం గుర్తేమో పై అక్షరానికి ఉంటుంది, దాని శబ్దం వత్తు పలికాక వస్తుంది. చెట్టు అనే మాటలో కొమ్ము పై ట మీదే ఉంది, పలకడం మాత్రం చివర. అది పెద్దవాళ్ళం మర్చిపోయాం ఎంత కష్టమో.

శీను: అదే పుస్తకం పదిసార్లు చదవమంటే? మా వాడు ఒకటే పట్టుకుని వదలడు.

వదిన: చదవనీ. పదోసారికి వేగం వస్తుంది, గొంతులో భావం వస్తుంది. నీకు బోర్ కొడితే నీ బాధ అది.

శీను: మరి మధ్యలో ప్రశ్నలు వెయ్యాలా వద్దా? ఒకళ్ళు మెసేజ్‌లో అడిగారు, పేజీకో ప్రశ్న వేస్తున్నాం అని.

వదిన: పేజీకో ప్రశ్న వేస్తే కథ ఎక్కడుంటుంది ఇంక! అది పరీక్ష. ఒక్కటి వెయ్యి, నీకు నిజంగా జవాబు తెలియనిది. ఈ కుక్క ఎందుకు వెళ్ళిపోయిందంటావ్ రా అని. కథలో రాయలేదు అది, అప్పుడు చూడు ఎంత...

శీను: ఉండు ఉండు, వాడు లేచినట్టున్నాడు. వస్తున్నా రా! వదినా, ఒక్క నిమిషం, ఇది ఆపెయ్.

వదిన: ఏది నొక్కాలి? ఈ గుండ్రందా?

శీను: (దూరం నుంచి) గుండ్రంది కాదు, దాని పక్కది! పక్కది అంటే కుడి...