ఫోన్-ఇన్: ఇంట్లో ఒకరు విడిగా ఉన్నప్పుడు

యాంకర్: నమస్కారం. జబ్బు వల్లనో, మరో కారణంతోనో ఇంట్లో ఒకరు విడిగా ఉండాల్సి వస్తే ఇంటిల్లిపాదీ మనసు ఎలా నిలబెట్టుకోవాలి? ఇవాళ మీ ప్రశ్నలకు సైకియాట్రిస్ట్ డాక్టర్ గారు జవాబిస్తారు. మొదటి కాల్ బరంపురం నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండీ. అమ్మ పోయాక నాన్నగారు ఒక్కరే ఉంటున్నారు. మేం పక్క వీధిలోనే. గుమ్మం దాటి బయటికి రావడం లేదండీ.

డాక్టర్: భోజనం?

శ్రోత: రెండు పూటలా క్యారేజీ పంపిస్తాం.

డాక్టర్: క్యారేజీతో పాటు మీరూ వెళ్లండి. ఒక్క పూటైనా ఎదురుగా కూర్చుని తినండి. ఏం చేసినా మాట మాత్రం మానకండి. నిద్ర ఎలా ఉంది?

శ్రోత: నెల రోజులుగా తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు.

డాక్టర్: రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి తగ్గి, దేనిమీదా ఇష్టం లేకపోతే వయసు వల్లే అనుకోకండి. డిప్రెషన్ కావచ్చు. మీ ఊళ్లోని ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లండి.

యాంకర్: థాంక్యూ సార్. పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి. చెప్పమ్మా.

శ్రోత: నమస్తే మేడం. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా ఆయన సూరత్‌లో మగ్గాల పని చేసేవారు. దగ్గు తగ్గక వచ్చేస్తే టీబీ అన్నారు. రెండు నెలలుగా మందులు వాడుతున్నారు. వెనక గదిలో ఉంచాం. కంచం వేరు, గ్లాసు వేరు. అత్తయ్య బాబుని అటు వెళ్లనివ్వరు. ఇరుగుపొరుగు రావడం మానేశారు. మొన్న మా ఆడపడుచు ఇంట్లో ఫంక్షన్‌కి మమ్మల్ని పిలవలేదు. పిలవకపోతే పోనీ మేడం, ఎదురింటావిడతో మా గురించి ఏమన్నారంటే... సరే, అది వద్దులెండి. కంచం వేరు పెట్టాలా, అక్కర్లేదా?

డాక్టర్: అక్కర్లేదమ్మా. టీబీ దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుంది. కంచాల వల్ల రాదు. మామూలు టీబీ అయితే, మందులు సరిగ్గా వేసుకుంటుంటే సాధారణంగా రెండు వారాలకే అంటించే గుణం బాగా తగ్గుతుంది. మీ ఆయన సంగతి తెమడ పరీక్ష చూసి టీబీ డాక్టర్ చెప్తారు. ఆ డాక్టర్ సరేనంటే ఆ గది తలుపు తీసేయండి. కిటికీలు ఎలాగూ తెరిచే ఉంచాలి.

శ్రోత: అత్తయ్య నమ్మరు మేడం. మూత్రం ఎర్రగా వస్తుంటే రక్తం పోతోందని ఏడ్చారు.

డాక్టర్: అది రిఫాంపిసిన్ అనే మందు రంగు. భయం లేదు.

శ్రోత: మరి కంచం మేడం...

డాక్టర్: చెప్పాను కదమ్మా, కంచం సంగతి వదిలెయ్. ఆయన నీతో మాట్లాడుతున్నారా?

శ్రోత: ఊఁ, ఆఁ అంతే. మొన్న రాత్రి మాత్రం ‘నేను లేకపోతే మీరైనా బాగుంటారు’ అన్నారు. కోపంలో అన్నారనుకున్నా.

డాక్టర్: కోపం అని వదిలెయ్యకమ్మా. ఇవాళే పక్కన కూర్చుని సూటిగా అడుగు, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరూ భయపడతారు. పుట్టదు. పైగా మనసులోది చెప్పుకోవడానికి ఒకరున్నారని ఆయనకి తెలుస్తుంది. ఇంట్లో పురుగుమందు ఉందా?

శ్రోత: వరికి కొట్టేది సావిట్లో ఉంది.

డాక్టర్: ఫోన్ పెట్టగానే తీయించెయ్. వేరేవాళ్ల ఇంట్లో తాళం వేసి పెట్టించు. రాత్రిళ్లు ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. సారా తాగుతారా?

శ్రోత: అప్పుడప్పుడు.

డాక్టర్: టీబీ మాత్రలు వేసుకుంటూ తాగితే లివర్ దెబ్బతింటుంది, మనసు ఇంకా కుంగుతుంది. ఈ మాటలన్నీ రేపే ఆస్పత్రిలో చెప్పు. మనసుకి మందు కావాలంటే టీబీ మందులు చూసుకుని రాస్తారు. ఈలోపు 14416కి చెయ్యి, టెలి మానస్ అని, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ. రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో, ఒడియాలో మాట్లాడతారు, డబ్బులు పడవు. బాబుకి ఎన్నేళ్లు?

శ్రోత: నాలుగు.

డాక్టర్: వాడికీ టీబీ పరీక్ష చేయించు. జబ్బు లేదని తేలితే రాకుండా ఉండేందుకు మందిస్తారు. అత్తయ్యని కూడా తీసుకెళ్లి డాక్టర్ నోటితోనే చెప్పించు. నువ్వు చెప్తే కోడలి మాట అయిపోతుంది. టీబీ వాళ్లకి తిండి కోసం నెలకి 1000 రూపాయలు బ్యాంకులో పడాలి, అదీ అడుగు. నీకు మనసు విప్పి మాట్లాడే మనిషి ఎవరున్నారు?

శ్రోత: మా అక్క ఉంది. టెక్కలిలో.

డాక్టర్: రోజూ ఒకసారి ఆవిడతో మాట్లాడు. ఇంత బరువు నువ్వొక్కదానివే మొయ్యలేవమ్మా.

శ్రోత: సరే మేడం. కంచం ఇవాళ్టి నుంచి కలిపేస్తాను.

యాంకర్: గుణుపురం నుంచి... హలో? లైన్ కట్ అయింది. రాయగడ, చెప్పండి.

శ్రోత: మా పదేళ్లవాడికి ఆటలమ్మ పోసింది. గదిలో ఒక్కణ్ణే ఉంచితే ఒకటే ఏడుపు.

డాక్టర్: పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా బడికి పంపొద్దు. మీకు చిన్నప్పుడు వచ్చి తగ్గిందా?

శ్రోత: వచ్చిందండీ.

డాక్టర్: అయితే మీరు వాడి పక్కనే కూర్చోండి, కథలు చెప్పండి. ఇంట్లో గర్భిణులుంటే వాళ్లు దూరంగా ఉండాలి. విడిగా పడుకోబెట్టండి, మాట మాత్రం...

శ్రోత: మానొద్దు అంటారు.

డాక్టర్: అంతే.

యాంకర్: సమయం అయిపోయింది. టెలి మానస్ నంబర్ మరోసారి: 14416. గుణుపురం శ్రోత వచ్చే వారం తప్పకుండా చెయ్యండి. డాక్టర్ గారూ, ధన్యవాదాలు.